మోటారు స్టాండుకు దిష్టి నిమ్మకాయలు

ఫోను మోగేసరికి సింధూరి చేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద అట్టు ఉంది, పక్కనే పళ్ళెం పట్టుకుని మొగుడు ధర్మేంద్ర ఉన్నాడు. పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు కనుక ఆ ఇంట్లో ఒక్క అట్టు తిరగెయ్యడానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తోంది.

"సింధూరమ్మా! స్టాండు వచ్చీసిందమ్మా!" హెడ్మాస్టరు చంద్రమౌళిగారి గొంతు ఫోనులోంచి కాక వీధిలోంచే వస్తున్నట్టుంది. "పొద్దున్నే వేనులో దిగింది. మెకానిక్ బిగించేస్తన్నాడు. దాతగారు పదకొండు గంటలకొచ్చి ఇవాళే ఓపెనింగు సేసేస్తారట. నువ్వు తొందరగా రావాల!"

సింధూరి కెవ్వున కేక పెట్టింది. ఎందుకో తెలియకుండానే ధర్మేంద్ర కూడా కేక పెట్టాడు. ఈలోగా అట్టు మాడిపోయింది. మాడిన అట్టునే చెరిసగం చేసుకుని, బాగుందంటే బాగుందనుకుంటూ తిన్నారు.

"బావా, పూటకి సెలవెట్టెయ్. నన్ను బండి మీద దింపి, ఓపెనింగు వీడియో తీసి, అప్పుడు బ్యాంకుకెళ్ళు."

"మేనేజరుకి ఏటని సెప్పను?"

"మా ఆవిడ ఇవాళ పొడుగవుతోందని సెప్పు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. బొబ్బిలి పక్క ఊళ్ళో హైస్కూలుకు సింధూరి లెక్కల టీచరు. పదో తరగతి గదిలో గోడకు పెద్ద డిజిటల్ తెర ఉంది. చేత్తో తాకి దాని మీద రాయవచ్చు, బొమ్మలు గీయవచ్చు. బిగించినవాళ్ళు పిల్లల చేతులకు అందకూడదని పైకి బిగించారు. పదో తరగతి పిల్లలు ఎదిగిన పిల్లలు కాబట్టి వాళ్ళకు బాగానే అందేది. అందనిది సింధూరికే. ఆమె వృత్తం గీస్తే కింది సగమే వచ్చేది. పై సగాన్ని పిల్లలు దయతో ఊహించుకునేవారు.

పెళ్ళయ్యాక ధర్మేంద్ర ఆమెకిచ్చిన మొదటి కానుక చీర కాదు, పీట. వీణలు చేసే ఇంట్లో మిగిలిపోయిన పనసచెక్కతో చేయించాడు. దాని మీద వేలితో కొడితే 'టంగ్' మని మంచి నాదం వచ్చేది. ఆ నాదం వినడానికి సింధూరి పాఠం మధ్యలో అవసరం లేకపోయినా ఒకసారి ఎక్కి దిగేది. అలా దిగుతూనే ఒకనాడు కాలు మడతపడి, చంద్రమౌళిగారి కళ్ళెదుటే కుంటింది. ఆయన కదిలిపోయి, ఆ బడిలోనే చదువుకుని ఇప్పుడు బొబ్బిలిలో బెల్లం టోకు వ్యాపారం చేస్తున్న లక్ష్మణరావుగారి దగ్గరకు వెళ్ళి, తెరను కావలసినంత ఎత్తుకు పైకీ కిందికీ జరిపే మోటారు స్టాండు ఒకటి అడిగారు. ఆయన సరేనన్నారు. అదే ఇవాళ వచ్చింది.

అలాంటి స్టాండును బడిలో జాగ్రత్తగా వాడడం గురించి విజయనగరంలో ఒకరోజు తరగతి జరిగితే సింధూరే వెళ్ళింది. తిరిగొచ్చాక ఆమె చెప్పిన నియమాలు విని చంద్రమౌళిగారు ఎంతో సంతోషించి, "అయితే భద్రతా ఇన్‌ఛార్జి నువ్వే" అని, ఆ విషయాన్ని తక్షణం మరచిపోయారు.

వాళ్ళు బడికి చేరేసరికి మెకానిక్ తెరను గోడ మీంచి దించి, నాలుగు చక్రాల స్టాండుకు తగిలించి, తీగలు సర్దుతున్నాడు. వెళ్ళే ముందు సింధూరిని పిలిచి రెండు విషయాలు చూపించాడు. స్టాండు మొదలు దగ్గర ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తెర కింది అంచున నల్లటి రబ్బరు పట్టీ ఉంది. తెర దిగేటప్పుడు ఆ పట్టీకి ఏది తగిలినా సరే, టింగుమని మోగి, ఆగి, తనంతట తానే కొంచెం పైకి లేస్తుంది. మనిషి కింద ఉంటే నలిగిపోకుండా ఆ ఏర్పాటు.

"అబ్బ, ఎంత తెలివో!" అని సింధూరి మురిసిపోయి, తన అరచెయ్యి అడ్డం పెట్టించుకుని మరీ చూసింది. తెర వచ్చి చెయ్యిని సుతారంగా తాకి, తప్పు చేసినట్టు పైకి వెళ్ళిపోయింది. ధర్మేంద్రకు కూడా ఇంత సున్నితం లేదనుకుంది.

తరవాత సుద్దముక్క తీసుకుని స్టాండు చుట్టూ నేల మీద పెద్ద గీత గీసింది. అందరికీ వినబడేలా చెప్పింది. "తెర కదిలేటప్పుడు ఎవ్వరూ ఈ గీత దాటకూడదు. తెరకి ఏదీ వేలాడదియ్యకూడదు. కొంగులు, జడలు, కండువాలు బిగించుకోవాలి. రిమోటు ఒక్కరి చేతిలోనే ఉండాలి."

అందరూ తలలూపారు. ఊపుతూనే డ్రిల్లు మాస్టరు గంగులు గీత దాటి వెళ్ళి, తన టోపీ తెరకు తగిలించి జుట్టు సర్దుకున్నాడు. చంద్రమౌళిగారు గీత దాటి వెళ్ళి, చేతిరుమాలుతో తెర తుడిచారు. ఆయా చిన్నతల్లి అయితే పూలబుట్టతో సహా తెర కిందనే కూలబడి బంతిపూలు గుచ్చసాగింది.

"చిన్నతల్లీ, గీత దాటీసేవు!"

"ఏటి సింధూరమ్మా, ఇదేటి రామతీర్థం గుడా, గీతెట్టి అవతలుండమంతన్నావు? బడే కదా!" అంది చిన్నతల్లి, లేవకుండా.

సింధూరి ఆమెను లేపుదామనుకుంటూ ఉండగానే గేటు దగ్గర కారు హారను మోగింది. చంద్రమౌళిగారు పరుగెత్తుకొచ్చారు. "సింధూరమ్మా, దాతగారొచ్చీసేరు! కొత్త పెళ్ళికూతురివి, హారతి నువ్వే ఇవ్వాల. పద, పద!" భద్రతా ఇన్‌ఛార్జి చేతిలో హారతి పళ్ళెం పెట్టి గేటుకు పంపించేశారు.

ఆమె గేటు దగ్గర ఉన్న ఆ కాసేపట్లో లోపల జరగవలసినదంతా జరిగిపోయింది.

"అయ్యా, దీనికి మోటారున్నాదా?" అంది చిన్నతల్లి.

"ఉంది" అన్నారు అప్పుడే లోపలికొచ్చిన చంద్రమౌళిగారు.

"సక్రాలున్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేటి, బండే! కొత్త బండికి నిమ్మకాయలు కట్టకుండా ఎవలైనా తోల్తారేటి?"

చంద్రమౌళిగారు ఆలోచించారు. ఆయన తన స్కూటరు కొన్ననాడు నిమ్మకాయలు తొక్కించే ఇంటికి తెచ్చుకున్నారు. దానికి ఇప్పటివరకు ఒక్క గీత పడలేదు, ఆయన నడపడం నేర్చుకోకపోవడం వేరే సంగతి. "కట్టీ" అన్నారు. వెంటనే చక్రాల కింద తలా ఒక నిమ్మకాయ, తెర కింది అంచుకు మిరపకాయలతో గుచ్చిన దిష్టి నిమ్మకాయల దండ, పైఅంచుకు ఇనప తీగతో బిగించిన బంతిపూల దండ వచ్చేశాయి. తెర కిందికి ఒక చిన్న బల్ల లాగి, దాని మీద కొబ్బరికాయ పెట్టారు.

లక్ష్మణరావుగారు భారీ మనిషి. నున్నటి తల, తెల్లటి పంచె, మడత నలగని జరీ కండువా. హారతి కళ్ళకద్దుకుని, "ఏటమ్మా, పాటాలు బాగా సెప్తన్నావా?" అని ఆప్యాయంగా పలకరించి లోపలికి నడిచారు. వెనక ఊరివాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, అందరికన్నా వెనక హారతి పళ్ళెంతో సింధూరి. ఆమెకు ముందువాళ్ళ వీపులు తప్ప ఇంకేమీ కనబడలేదు. ధర్మేంద్ర వీడియో కోసం ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఆ ఫోనులోకి చూస్తే తప్ప తను అడిగి తెప్పించుకున్న స్టాండు ఆమెకే కనబడదు.

దాతగారు రిమోటు తీసుకుని, తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టి, కిందికి దించే బటన్ నొక్కారు. తెర జుయ్యిమంటూ దిగసాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సింధూరి కళ్ళు చెమర్చాయి. రేపట్నుంచి నిండు వృత్తం గీయవచ్చు!

సరిగ్గా అప్పుడే దిష్టి నిమ్మకాయ ఒకటి కొబ్బరికాయకూ తెర అంచుకూ మధ్య పడి నలిగింది. తెర టింగుమంది, ఆగింది, పైకి లేచింది.

"ఇదేటి?" అన్నారు లక్ష్మణరావుగారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ దిగింది, మళ్ళీ టింగుమంది, మళ్ళీ లేచింది.

"బావా," అంది సింధూరి ఫోనులోకి తొంగిచూస్తూ, "తెరకి కింద అవేటి, నిమ్మకాయలా?"

"నిమ్మకాయలే. మిరపకాయలు కూడా ఉన్నాయి" అన్నాడు ధర్మేంద్ర, బొమ్మను పెద్దది చేసి చూపిస్తూ.

ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "దాతగారి సెయ్యి కలిసిరాలేదేటో" అని ఎవరో అన్నారు. అది లక్ష్మణరావుగారి చెవిన పడింది. బొబ్బిలి సంతలో ఆయన చెయ్యి మంచిదని రైతులు తొలి బేరం ఆయనతోనే చేస్తారు. అలాంటి చేతికి ఒక బల్లపరుపు టీవీ లొంగదా? ఆయన ముందుకు వంగి, తెరను రెండో చేత్తో కిందికి నొక్కబోయారు. ఆ వంగడంలో కండువా కొస వెళ్ళి పూలదండ కట్టిన ఇనప తీగకు చిక్కుకుంది.

"ఉండండి, ఉండండి, నేను సూస్తాను!" అంటూ చంద్రమౌళిగారు రిమోటు అందుకుని, కంగారులో అన్నిటికన్నా పెద్దగా ఉన్న బటన్ నొక్కారు. అది తెరను ఒక్క ఊపున పైదాకా తీసుకెళ్ళే బటన్. ఒకసారి నొక్కితే చాలు, చివరి వరకూ అదే వెళుతుంది.

తెర లేచింది. దానితో దండ లేచింది. దండతో కండువా దాతగారి భుజం మీంచి జారి ఠీవిగా పైకి లేచింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి కండువా రెపరెపలాడింది. దండ కొస ఫ్యాను రెక్కకు తగలగానే బంతిరేకులు గదంతటా జలజలా రాలాయి.

వెనక గుమ్మం దగ్గర నిలబడిన గంగులు మాస్టరుకు దాతగారు కనబడలేదు, రిమోటు కనబడలేదు. గుడ్డ ఒకటి పైకి వెళ్ళడం, అక్కడ రెపరెపలాడడం, పూలు రాలడం మాత్రం కనబడ్డాయి. ఏళ్ళ తరబడి జెండాలు ఎగరేయించిన మనిషి. ఆయన ప్రమేయం లేకుండానే మడమలు కలిశాయి, ఛాతీ పొంగింది.

"సావధాన్! సెల్యూట్!"

గదంతా టపామని నిటారుగా నిలబడి వందనం చేసింది. పిల్లలు చేశారు, టీచర్లు చేశారు, ఊరివాళ్ళు చేశారు. రిమోటు పట్టుకున్న చెయ్యితోనే చంద్రమౌళిగారూ చేశారు. కండువా పోయిన భుజంతో లక్ష్మణరావుగారు కూడా చేశారు. చిన్నతల్లి ఒక చేత్తో వందనం చేస్తూ రెండో చేత్తో తలమీది పూలరేకులు ఏరుకుంది.

"ఫ్యాను! ఎవరైనా ఫ్యాను ఆపండి!" అని సింధూరి అరిచింది. ఇంకొంచెం లేస్తే కండువా ఫ్యానుకు చుట్టుకుంటుంది, తెరతో సహా స్టాండు జనం మీద పడుతుంది. ఎవ్వరూ కదల్లేదు. వందనంలో ఉన్నవాళ్ళు కదలకూడదు. కదలవచ్చని గంగులు మాస్టరు చెప్పాలి. హెడ్మాస్టరు సైగ చేస్తే గాని ఆయన చెప్పడు. డ్రిల్లు మాస్టరు చెప్పకుండా హెడ్మాస్టరు కదలరు.

సింధూరి హారతి పళ్ళెం ధర్మేంద్ర చేతిలో పెట్టింది. పొట్టిదానిగా పుట్టినందుకు జీవితంలో మొదటిసారి సంతోషిస్తూ, సెల్యూట్ చేస్తున్న మోచేతుల కిందుగా దూరి, ముందుకు పరుగెత్తి, ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దింది.

తెర ఆగింది. కండువా కొస ఫ్యాను రెక్కలకు బెత్తెడు దూరంలో ఊగుతోంది. అప్పటికి ధర్మేంద్ర ఫ్యాను స్విచ్ ఆపాడు. అందరూ చెయ్యి దించాలా వద్దా అని ఒకరినొకరు చూసుకుని, మెల్లగా దించారు.

లక్ష్మణరావుగారి మొహం బెల్లం పాకంలా ఎర్రబడింది. "సంద్రమౌళీ, నీ కళ్ళు సల్లబడ్డాయా? నా మెడలోది తీసి ఊరంతటికీ ఎగరేసి సూపిస్తావా? సామాను నచ్చలేదంటే ముందే సెప్పాల! నా సేత్తో దిగదు, నా కండువా లాక్కుంటాది, ఈ బడికి ఇది అచ్చిరాలేదు. రేపొచ్చి ఎత్తుకెళ్ళిపోతాను. పక్కూరి బడివోలు ఎన్నాళ్ళబట్టో అడుగుతన్నారు!"

సింధూరి గుండె జారి, మూలనున్న పీట మీద పడింది. మళ్ళీ అదే పీట, మళ్ళీ అదే సగం వృత్తం.

"బాబుగారూ, తప్పు స్టాండుది కాదండి, నిమ్మకాయలదండి!" అంది గబగబా. "కింద రబ్బరు పట్టీ ఉందండి. దానికేది తగిలినా పైకెళ్ళిపోతాది. మనిషికి దెబ్బ తగలకూడదని అలా చేశారండి. అవన్నీ తీసేసి చూపిస్తాను, ఉండండి."

ధర్మేంద్ర పీటెక్కి కండువా విడదీశాడు. దండలు తీశారు, బల్ల లాగేశారు. సింధూరి అందరినీ గీత వెనక్కి పంపి, రిమోటు తీసుకుని నొక్కింది. తెర ఏ అడ్డూ లేకుండా హాయిగా దిగసాగింది. ఆమె ఊపిరి పీల్చుకునే లోపల లక్ష్మణరావుగారు గీత దాటేశారు.

"ఏదీ, ఎక్కడున్నాదా పట్టీ?" అంటూ వంగి, నున్నటి తలను నేరుగా తెర కిందికి దూర్చేశారు.

"బాబుగారూ!" అని సింధూరి ఎర్ర బటన్ వైపు దూకింది. ఆమె చెయ్యి చేరే లోపలే తెర దిగింది. ఆ తల మీద సుతారంగా ఆనింది. టింగుమని మోగింది. నెమ్మదిగా పైకి లేచింది.

లక్ష్మణరావుగారు వంగినవారు వంగినట్టే ఉన్నారు. చంద్రమౌళిగారు కళ్ళు మూసుకుని తన పింఛను గురించి ఆలోచించారు.

దాతగారు మెల్లగా రెండు చేతులూ జోడించారు. తల ఎత్తారు. కళ్ళనిండా నీళ్ళు.

"శఠగోపం!" అన్నారు. "అచ్చం రామతీర్థంలో అయ్యవారు పెట్టినట్టే ఉన్నాది. తల మీద ఆనీ ఆననట్టు... గంట కూడా మోగినాది. విన్నారా?"

"ఓలమ్మ, నాను విన్నాను బాబూ! గోయిందా!" అంది చిన్నతల్లి.

"గోవిందా!" అన్నారు పిల్లలు, పొద్దుటినుంచి అరవడానికి ఇంత మంచి అవకాశం దొరకనందువల్ల.

"సంద్రమౌళీ, ఇది ఇక్కడే ఉంటాది! ఎవలడిగినా ఇవ్వకు." లక్ష్మణరావుగారు కండువా నడుముకు చుట్టుకున్నారు. "రేపు మా ఇంటిదాన్నీ, కోడళ్ళనీ తీసుకొస్తాను. ఊరందరూ రండి. అందరికీ తల మీద పెట్టిద్దాం!"

అప్పటికే ఒకామె పిల్లాడిని చంకనెత్తుకుని, గీత దాటి, వాడి తల ముందుకు వంచుతోంది. ఆమె వెనక వరస కడుతున్నారు. సింధూరి ఆ వరసను లెక్కపెట్టింది. స్టాండు దక్కింది సరే, రేపు దాని కింద ఊరంతటి తలలు! 'తెర కదిలేటప్పుడు ఎవ్వరూ...' అనబోయింది. పొద్దుట ఆ మాట ఎంతమంది విన్నారో గుర్తొచ్చి ఆగింది. 'ఇదేటి రామతీర్థం గుడా' అన్న చిన్నతల్లి మాట గుర్తొచ్చింది. వెంటనే ఓపెనింగు కోసం పెట్టిన మైకు అందుకుంది.

"ఎవరమ్మా అక్కడ, గడప దాటీసేరు?" అంది గట్టిగా. "శఠగోపం దాతగారికొక్కరికే. గుళ్ళో గర్భగుడిలోకి అందరూ ఎల్లిపోతారేటి? ఈ గీతే గడప. అయ్యవారు తప్ప ఎవ్వరూ దాటకూడదు."

పిల్లాడిని ఎత్తుకున్నామె ఒక్క గెంతులో వెనక్కి వచ్చింది. గీత మీద నిలబడినవాళ్ళు నాలిక కరుచుకుని, చెప్పులు విడిచి, రెండడుగులు వెనక్కి జరిగారు. గంగులు మాస్టరు పొద్దుట టోపీ తగిలించినందుకు చెంపలేసుకున్నాడు.

"మరి ఇక్కడ అయ్యవారెవలమ్మా?" అని అడిగారు లక్ష్మణరావుగారు, తనూ గీత బయటకొచ్చి భక్తిగా.

"పాఠం చెప్పే టీచరండి."

"నాయమే" అన్నారాయన. వరసంతా న్యాయమేనంది.

చంద్రమౌళిగారికి ప్రాణం లేచొచ్చింది. మైకు తీసుకుని మర్నాటి కార్యక్రమం ప్రకటించారు. "రేపు ఉదయం తొమ్మిది గంటలకి గ్రామస్తులందరికీ తెర దర్శనం. గడప బయటినుంచే సూడాల. కొంగులు, జడలు, కండువాలు బిగించుకుని రావాల. తెరకి దండలేయరాదు. రిమోటు అయ్యవారి చేతిలోనే ఉంటాది." తన నియమాలే వరసగా మైకులోంచి వస్తుంటే సింధూరి ధర్మేంద్ర చెయ్యి గిల్లింది.

"తొమ్మిదిన్నరకి పదో తరగతికి వృత్తాలు" అని మైకు దగ్గరకు మునివేళ్ళ మీద లేచి తనూ ఒక మాట చేర్చింది. "నిండు వృత్తాలు."

ధర్మేంద్ర ఫోను జేబులో పెట్టుకుని, కాస్త దిగులుగా మూలకు చూశాడు. "అంతా బాగానే ఉన్నాది గానీ, మరి నా పీట సంగతేటే? ఉద్యోగం పోయినట్టేనా?"

సింధూరి జవాబు చెప్పే లోపలే చిన్నతల్లి ఆ పనసపీటను ఎత్తుకొచ్చి, కొంగుతో తుడిచి, గీతకు ఇవతల వేసి, దాని మీద కుంకుమ పళ్ళెం పెట్టింది.

పీటకు ఉద్యోగం పోలేదు, బదిలీ అయింది.